పడుగుకు పెట్టగా మిగిలిన గంజి

మా ఇల్లు మేడ కాకపోవడానికి కారణం నేనేనట. గద్వాలలో ఈ మాట నా వెనక అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎదురుగా వచ్చి అంటే జవాబు చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. బజారులో నూలు మాయమైంది. మా వాడలో మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. మా ఇంట్లో మాత్రం ఆగలేదు. మా మామకు హైదరాబాదు సేటు ఒకాయనతో దోస్తీ. ఆయన చాటుమాటుగా నూలు మూటలు పంపేవాడు. నేసిన చీరలన్నీ ఆయనకే ఇవ్వాలి. ఆ బేరంతో మేడ కట్టాలని మామా, మా ఆయనా కూర్చుని లెక్కలు వేసుకునేవాళ్ళు. మా అటక నిండా నూలే. ఎదురింట్లోనేమో మగ్గం గుంటలో పిల్లి ఈనింది.

నేతపనివాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, పొద్దున్నే వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేలోపు కుంచెలతో దువ్వాలి. ఒక్క ఇంటివాళ్ళ చేతులు చాలవు. అందుకని పిలవకపోయినా వాడంతా వస్తుంది. ఒక రోజు మా పడుగుకూ వచ్చారు. మగ్గాలు ఆగినవాళ్ళే వచ్చి మా పోగులు దువ్వారు. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

పనయ్యాక ఎదురింటి పెద్దాయన నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“పడుగుకు పెట్టంగ మిగిలిన గంజి ఉంటే జర ఒక చెంబెడు పొయ్యి బిడ్డా. ఇంట్ల పిల్లలు నిన్నటిసంది ఏం తినలే.”

మా నూలు తాగి వదిలేసిన గంజి! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, మా మీద. గంజితో పాటు ఇంట్లో ఉన్న జొన్నపిండి కూడా ఎత్తి ఇచ్చేశాను. రాట్నాన్ని గోడకు జరిపి, పోయి మామ ముందు నిలబడ్డాను. అంతకుముందు ఆయనతో తలుపు చాటు నుంచి తప్ప మాట్లాడి ఎరగను.

“అటక మీది నూలు వాడకు పంచుదాం మామా. పంచేదాక నేను కండె చుట్టను.”

“ఏందే, పిచ్చి లేచిందా? పిండి ఇస్తివి, పుణ్యమొచ్చె. ఇంక చాలదా?”

“పిండి వాళ్ళకెందుకు? మగ్గం ఉంది, చేతులున్నయి. నూలే మనం దాచుకుంటిమి.”

పుట్టింటికి పంపిస్తానన్నాడు. పంపమన్నాను. మగ్గానికి కావలసిన నూలును రాట్నం మీద కండెలుగా చుట్టడం ఆడవాళ్ళ పని. మా అత్తకు చూపు ఆనదు, ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. మా ఆయన పంతానికి పోయి తానే రాట్నం ముందు కూర్చున్నాడు. నూలంతా చిక్కు చేసి వాడ ఆడవాళ్ళ నోళ్ళలో నానాడు. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు. మా మగ్గమూ ఆగింది. పొద్దంతా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మామకు అప్పుడు తెలిసింది. ఒకనాడు తానే అటకెక్కి మూటలు కిందికి దించాడు.

సంగతి తెలిసి సేటు నూలు పంపడం మానేశాడు. పంచిన నూలు కొన్ని నెలలే వచ్చింది. ఆ నెలలు వాడలో పొయ్యిలు వెలిగాయి. అది అయిపోయాక అందరం కలిసే శ్రీరంగాపూర్ వైపు వరికోతలకు పోయాం.

మొన్న మా పెద్దకొడుకు విసుక్కున్నాడు. “నీ పంతంతోనే గదనే అమ్మా, మనం పేదోళ్ళమైనం.”

“పేదోళ్ళం గాలే. వాడ ఎట్లున్నదో గట్లయినం,” అన్నాను. “అంతకంటె పైకి పొయ్యే హక్కు మనకెవడిచ్చిండు?”