ఆరున్నర బకెట్టు

నీలిగుట్ట రిసార్టులో సాయంత్రం ఆరున్నర అయిందని తెలుసుకోవడానికి ఎవరూ గడియారం చూసేవారు కాదు. వంటింట్లో పనిచేసే ప్రిస్కిల్లా బకెట్టు మోగితే ఆరున్నర. వంటింటి వెనక గుంత దగ్గర నిలబడి, స్టీలు బకెట్టు అంచు మీద ఇనుప గంటెతో మూడు దెబ్బలు వేసేది. కాస్త ఆగి మళ్లీ మూడు. మేడ మీది అద్దాల వరండాలో టీ తాగుతున్న అతిథులు ఫోన్లు పైకెత్తేవారు. కాసేపటికి చెట్ల సందుల్లోంచి ఎలుగుబంటి వచ్చేది, వీపు మీద పిల్లనెక్కించుకుని.

జైనూర్ దాటాక గుట్టల్లో కట్టిన ఆ రిసార్టుకు పేరు తెచ్చింది ఈ ఎలుగే. హైదరాబాదు కంపెనీ వాళ్లు తమ ప్రకటనల్లో ‘అదృష్టం ఉంటే ఎలుగుబంటి కనిపిస్తుంది’ అని రాసుకునేవారు. అదృష్టమట! ఆ అదృష్టాన్ని రోజూ ప్రిస్కిల్లా తన చేతులతో కలిపేది. గులాబ్‌జామ్ మూకుట్లో మిగిలిన పాకం, మాగిపోయిన అరటిపండ్లు, పొద్దుటి అన్నం, పైన ఇంత బెల్లం, అన్నీ కలిపి ఆ గుంతలో పోసేది. ఈ సంగతి బయట పొక్కితే ఉద్యోగాలు పోతాయని మేనేజరు సాయిచంద్ అందరికీ చెప్పి పెట్టాడు. ఫొటోలు బాగా రావాలని గుంత వైపు కంచె కూడా తీయించాడు.

నిజం చెప్పాలంటే ప్రిస్కిల్లాకు ఆ పని ఇష్టమే. బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో ఆరుగురు పిల్లల మధ్య పెరిగిన మనిషి, అన్నం పారబోస్తే ప్రాణం గిలగిలలాడేది. పారబోసే బదులు ఒక తల్లి తింటోంది కదా అనుకునేది. ఎలుగు ఆలస్యంగా వస్తే కొత్త కోడలిని కసిరినట్టు కసిరేది. “ఏందే, ఇయ్యాల ఇంత లేటు? పిల్ల ఆకలికి ఉండద్దా?” అని.

ఆమె భర్త బెంజమిన్ అక్కడే వాచ్‌మన్. ఒకప్పుడు బాయిలో కాంట్రాక్టు పని చేసేవాడు, బాగా తాగేవాడు కూడా. తాగి వచ్చి రెండుసార్లు ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు. ఆమె పెళ్లినాటి ట్రంకుపెట్టె మోసుకుని పుట్టింటికి పోయింది. పంతొమ్మిదేళ్ల కింద ఒక గుడ్ ఫ్రైడే రోజున బెల్లంపల్లి మెథడిస్టు చర్చిలో, పాస్టరు గారు ప్రసంగం ముగించీ ముగించకముందే, బెంజమిన్ లేచి నిలబడి “ఇగ ముట్టను” అన్నాడు. అతనితో పాటు తాగే ముత్తయ్య కూడా లేచి, అతని భుజం మీద చెయ్యి వేసి అదే మాట అన్నాడు. సంఘంలో సగం మంది నవ్వుకున్నారు, నాలుగు రోజుల ముచ్చట అనుకున్నారు. ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. ప్రిస్కిల్లా ట్రంకుపెట్టె తిరిగి మోసుకొచ్చింది. ఇద్దరూ కలిసి కూతురు లిడియాను నర్సింగ్ చదివించి పెద్దపల్లి ఆసుపత్రిలో ఉద్యోగానికి పంపారు. బాయిలో పని తగ్గిపోయాక బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ గుట్టల్లోకి వచ్చారు.

మొన్న మార్చిలో అటవీశాఖ వాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. “ఆంటీ, పదిరోజులు ఆ పని బంద్ పెట్టు. గుంతల మెతుకు కనవడొద్దు,” అన్నాడు సాయిచంద్. ప్రిస్కిల్లా గుంత అడుగున మిగిలినదాని మీద మట్టి కప్పి బంద్ పెట్టింది. నాలుగో రోజు సాయంత్రం నల్లా రాలేదు. వెనక మొక్కలు వాడిపోతున్నాయని బెంజమిన్ చేతికందిన బకెట్టు తీసుకుని తొట్టిలోంచి నీళ్లు మోశాడు. అది ఆ బకెట్టే. రాతి గట్టు మీద దించినప్పుడల్లా ఖంగుమనేది. నాలుగు రోజులుగా వచ్చి వట్టి గుంత చూసి పోతున్న ఎలుగు ఆ మోత విని పరుగున వచ్చింది. బకెట్టులో నీళ్లు తప్ప ఏమీ లేవు. బెంజమిన్ అదిలించబోయాడు. మధ్యలో కంచె లేదు, ఎలుగు అతని మీద పడింది. వంట మాస్టరు సర్దార్ మండుతున్న కట్టె పట్టుకుని వచ్చి ఎలుగును తరిమాడు కానీ, జీపు జైనూర్ చేరేలోపే బెంజమిన్ ప్రాణం పోయింది.

మూడో రోజు ఆ ఎలుగుకు మత్తుసూది వేసి బోనులోకి ఎక్కించారు. జూకు తీసుకెళ్లే దారిలో అదీ చచ్చిపోయింది. పిల్ల మాత్రం దొరకలేదు.

బెంజమిన్ శవం ఇంకా పోస్టుమార్టం గదిలో ఉండగానే అటవీశాఖ రేంజ్ ఆఫీసర్ మమతారాణి రిసార్టుకు వచ్చి పనివాళ్లందరినీ వరసగా నిలబెట్టి అడిగింది. “ఇక్కడ జంతువులకు తిండి పెడుతున్నరా?” సాయిచంద్ అందరి మొహాలూ చూస్తున్నాడు. ఒక్కొక్కరే లేదన్నారు. ప్రిస్కిల్లా కూడా లేదనే అంది. భయపడి అంది, సిగ్గుపడి అంది. మొగుణ్ని చంపిన మోతను రోజూ మోగించింది తనే అని పదిమందిలో ఎలా చెప్పడం? ఆ రాత్రికి రాత్రే గుంత పూడ్చేశారు. మూడు రోజులకల్లా దాని మీద బంతిమొక్కలు లేచాయి.

నెల తిరిగాక కంపెనీ వకీలు హైదరాబాదు నుంచి రిసార్టుకు వచ్చాడు. మృదువుగా మాట్లాడే మనిషి. “అమ్మా, మాకు చట్టప్రకారం బాధ్యత లేకపోయినా మానవత్వంతో ఇరవై లక్షలు ఇస్తున్నాం. ఇక్కడ వేలిముద్ర వేయండి,” అని సిరాపెట్టె ముందుకు తోశాడు.

ప్రిస్కిల్లా సిరాపెట్టెను మళ్లీ అతని ముందుకే తోసి కాగితం అందుకుంది. మిషన్ బడిలో ఏడో తరగతి చదివి, ఇరవై ఏళ్లుగా ఇంటింటి ప్రార్థనల్లో బైబిలు వాక్యం చదివే మనిషికి వేలిముద్ర! కాగితాన్ని అలవాటు ప్రకారం పైకే చదివింది. రిసార్టు ఏనాడూ అడవి జంతువులకు తిండి పెట్టలేదని ఉంది. మృతుడు ఇప్పసారా మత్తులో, హెచ్చరికలు లెక్కచేయకుండా, హద్దు దాటి అడవిలోకి వెళ్లాడని ఉంది. ఇకపై ఈ విషయం ఎవరితోనూ మాట్లాడబోనని కూడా ఉంది.

“మా ఆయన తాగలే,” అంది.

“అదంతా రాతకోతల్లో ఉండే మాటేనమ్మా. ఎవరూ చదవరు.”

“నేను చదివిన గద.”

వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “చూడండమ్మా. తిండి పెట్టారని మీరంటే, పెట్టింది ఎవరు అని అడుగుతారు. అది నేరం. కంపెనీ అలా పెట్టమన్నట్టు ఎక్కడా కాగితం లేదు. కేసు ఎవరి మీద పడుతుందో మీరే ఆలోచించుకోండి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి మళ్లీ ఇక్కడికే వస్తాను, మీరూ రండి.”

ఆలోచించుకుంది. ఇరవై లక్షలంటే ఆమె జన్మలో చూడని డబ్బు. జైలు కూడా జన్మలో చూడనిదే. లిడియాకు ఫోన్ చేస్తే “అవ్వా, పైసల కోసం ఫికర్ జెయ్యకు, నా జీతం ఉంది. గని నువ్వు జైలుకు వోతె నేను తట్టుకోలేను,” అని ఏడ్చింది. సంతకం పెట్టేద్దామనే అనుకుంది ప్రిస్కిల్లా. ఆ మాట దాచి ఆమెను మంచిదాన్ని చేసి చెప్పడం ఈ కథ చెప్పే నా వల్ల కాదు.

బుధవారం బెల్లంపల్లి చర్చిలో బెంజమిన్ ఆదరణ కూడిక పెట్టారు. సంఘస్థులు ఒక్కొక్కరే లేచి అతని గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ముత్తయ్య లేవలేదు. చివరి వరసలో తలవంచుకుని కూర్చున్నాడు. అందరూ భోజనాలకు లేచాక ప్రిస్కిల్లా అతని దగ్గరికి వెళ్లింది. గుప్పుమని వాసన.

“ముత్తన్నా! గిదేంది?”

ముత్తయ్య కళ్లెత్తలేదు. “చెల్లె, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. బెంజమిన్ మల్ల మొదలువెట్టిండా? తాగి అడవిల వడ్డడని రిసార్టోళ్లు అంటున్నరట. ఊరంత గదే ముచ్చట.” తువ్వాలుతో నోరు కప్పుకున్నాడు. “ఇద్దరం ఒక్కనాడు మానేసినం. గాయినె ఆగలేకపోతె, నేనేం పెద్ద మొనగాన్ని?”

ప్రిస్కిల్లాకు ఒళ్లంతా మండింది. పంతొమ్మిదేళ్లు నోటికి ఆనించుకోనిదాన్ని, ఈ దొంగలు ఆయన చచ్చాక ఆయన చేత తాగించారు. అదీ చాలక ఇప్పుడు ముత్తయ్య చేత తాగిస్తున్నారు. ఇంకా ఎంతమందిని ముంచుతుంది ఆ కాగితం? కంచంలో చెయ్యి పెట్టకుండానే వెళ్లి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే రేంజ్ ఆఫీసు మెట్ల మీద ఉంది. జరిగిందంతా చెప్పింది. పాకం, బెల్లం, మూడు దెబ్బలు, తీసేసిన కంచె, ఏదీ దాచలేదు. మమతారాణి రాసుకోలేదు, వింది.

“ఆ రోజు లేదని చెప్పినవు కదమ్మా?”

“అబద్ధం జెప్పిన మేడం.”

“ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె? గుంత లేదు. మిగిలినోళ్లంత లేదనే అంటున్నరు. అతిథులు తీసిన వీడియోల సంగతి అడిగితే, అడవి జంతువు దానంతట అదే వచ్చిందంటున్నరు.”

“దానంతట అదే వచ్చిందో, పిలిస్తె వచ్చిందో మీకు చూపిస్త. రేపు సాయంత్రం ఆరున్నరకు రండ్రి.”

శుక్రవారం అయిదింటికి రమ్మన్నారు కదా, ప్రిస్కిల్లా ఆరుంపావుకు వెళ్లింది, మమతారాణిని వెంటబెట్టుకుని. మేడ మీది అద్దాల వరండాలో వకీలు, సాయిచంద్ ఆమె కోసం చూసి చూసి విసుగెత్తి ఉన్నారు. మూల బల్లల దగ్గర పదిమంది అతిథులు టీ తాగుతున్నారు. ఖాకీ బట్టలు చూసి సాయిచంద్ మొహం పాలిపోయింది.

“జర ఆగుండ్రి సారు, వస్తున్న,” అని ప్రిస్కిల్లా వంటింట్లోకి దిగింది. సర్దార్ రొట్టెలు కాలుస్తున్నాడు. ఆమె అడగకముందే ఉల్లిగడ్డ సంచులు పక్కకు జరిపి బకెట్టు, గంటె తీసి చేతిలో పెట్టాడు. “పాత సామాన్ల పారెయ్యుమన్నరు అక్కా. నాకు చెయ్యి రాలే. నేను ఆనాడు లేదన్న. ఇయ్యాల అడిగితె ఉందంట,” అన్నాడు.

వరండా అద్దం తలుపు తెరిచి, కటకటాల దగ్గర నిలబడి ప్రిస్కిల్లా బకెట్టును ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది.

“ఏం చేస్తున్నారమ్మా? ఇది ప్రైవేటు స్థలం,” అన్నాడు వకీలు లేచి.

“ఆమెను చెయ్యనియ్యండి,” అంది మమతారాణి.

మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు. బెంజమిన్ పోయాక ఆ మోత వినడం ఆమెకు అదే మొదలు. చెట్లు కదల్లేదు. సాయిచంద్ చిన్నగా నవ్వి, “చూసిండ్రు కద మేడం, పాపం, బాధల ఉంది,” అన్నాడు. ప్రిస్కిల్లా వినిపించుకోలేదు. మళ్లీ మూడు. ఆగి, మళ్లీ మూడు.

అప్పుడు వచ్చింది పిల్ల ఎలుగు. ఒంటరిగా. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అంత చిక్కిపోయి ఉంది. అటూ ఇటూ చూడకుండా, రోజూ వచ్చే దారినే నేరుగా బంతిమొక్కల దగ్గరికి వచ్చి, సరిగ్గా గుంత ఉన్నచోటే గోళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. బంతిపూలు చెల్లాచెదురయ్యాయి. నల్లమట్టి కింద నుంచి అరటి తొక్కలు, కుళ్లిన అన్నం బయటపడ్డాయి. అతిథుల్లో ఒకాయన ఫోన్ ఎత్తబోతే అతని భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. మమతారాణి మాత్రం తన ఫోన్‌లో అంతా తీసింది.

పిల్ల తవ్వడం ఆపి, మోత వచ్చిన వైపు మొహం ఎత్తి చూసింది. ఆ చూపుకు ప్రిస్కిల్లా గుండె చెరువైంది. ఏడుస్తూనే సాయిచంద్ వైపు తిరిగింది.

“బంద్ పెట్టుమని నాకు చెప్పినవు. మరి దాని తల్లికి ఎవరు చెప్పిండ్రు సారు? దీనికి ఎవరు చెప్పిండ్రు?”

వకీలు ఆమె దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. “అమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం. ముప్పై చేయిస్తాను.”

“ముప్పై ఇస్తరో మూడు ఇస్తరో, అది నా మొగని పానం మీద నాకున్న హక్కు. మీరియ్యకుంటె కోర్టుల తీసుకుంట. గని కాయిదం మాత్రం ఇప్పటిసంది మీరు రాసుడు, నేను వేలు పెట్టుడు బంద్. నేను చెప్త, మేడం రాస్తది.” బకెట్టు తెచ్చి వకీలు కాగితాల మీదే పెట్టింది. “రాస్కోండ్రి మేడం. బెంజమిన్ తాగలే. ముందుగాల గది రాయుండ్రి. హద్దు దాటలే. ఎలుగును బకెట్ కొట్టి పిలిచింది నేను, ప్రిస్కిల్లాను. పిలువుమన్నది కంపెనీ. నా మీద కేసు వెడ్తె పెట్టుండ్రి. నా పక్కన వీళ్లను గూడ నిలవెట్టుండ్రి.”

మమతారాణి రాసింది. ప్రిస్కిల్లా దాన్ని పైకి చదివింది, అతిథులందరికీ వినపడేలా, వాక్యం చదివినట్టు తాపీగా. కింద పూర్తి పేరు రాసి సంతకం చేసింది. తరువాత సర్దార్ చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి, ఆమె సంతకం కింద తనదీ పెట్టాడు.

దిగేటప్పుడు మమతారాణి ఆమెతో, పిల్లను పట్టి పశువుల డాక్టరుకు చూపిస్తామని, ఈసారి తను దగ్గరుండి తీసుకెళ్తానని చెప్పింది. “మేడం, దాన్ని పిలవాలంటె మాత్రం బకెట్ కొట్టకుండ్రి,” అంది ప్రిస్కిల్లా.

గుట్ట దిగి, ఫోన్‌కు సిగ్నల్ దొరికే మలుపు దగ్గర ఆగింది. లిడియాకు తరువాత చేయొచ్చు. ముందు బెల్లంపల్లికి కలిపింది. చాలాసేపు మోగాక ముద్దగా ఒక గొంతు పలికింది.

“ముత్తన్నా, ముంగట సీసా ఉందా?”

అవతల గ్లాసు ఖణేలుమంది.

“ఉంటె ఇప్పుడే మోరీల పారబొయ్యి. నేను వింట. బెంజమిన్ తాగలే. సర్కారు కాయిదం మీద రాయించి, సంతకం పెట్టి వస్తున్న.”

ఆమె ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడింది. కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, ఆ తరువాత సీసా గొంతులోంచి గుటగుటమని ఒలికిపోతున్న చప్పుడు వినిపించాయి. చివరి చుక్క దాకా విని అప్పుడు ఫోన్ పెట్టేసింది.