బావ జీపు, రెండు యాక్సిల్ రాడ్లు

నర్మెట్టలో ఉండే మా బావ పాత ఫోర్ వీల్ జీపు కొన్నాడు. రాజకీయాల్లో తిరిగే మనిషికి నాలుగు చక్రాలూ లాగే బండి లేకపోతే పరువు తక్కువట. వారం తిరక్కుండానే ముందు చక్రాల మధ్య వాటిని తిప్పే పళ్ల చక్రాల డబ్బా, అదే డిఫరెన్షియల్ దగ్గర కరకరమని చప్పుడు మొదలైంది. మెకానిక్‌ను పిలవడం బావకు నామోషీ. ఫోన్‌లో వీడియో చూసి, నన్ను జాకీ తిప్పమని, ముందు చక్రాలు విప్పి, వాటిని తిప్పే రెండు యాక్సిల్ రాడ్లనూ బయటికి లాగేశాడు. బండి వెనక చక్రాల మీద హాయిగా నడిచింది. చప్పుడు లేదు.

“చూసినవా బామ్మర్దీ, రిపేరంటే గిట్లుండాలె!” అన్నాడు.

ఆ డబ్బాను తిప్పే రాడ్లను ఇంట్లో వడ్ల బస్తాల పక్కన నిలబెట్టి వచ్చాక బండి ఎలా చప్పుడు చేస్తుందని నేను అడగలేదు. అక్కనిచ్చిన ఇంట్లో అలాంటివి అడగకూడదు. దసరాకు అక్క జీపుతో పాటు ఆ రాడ్లకూ పసుపు రాసి బొట్లు పెట్టింది.

పండుగ మర్నాడు ఊరి పెద్దమనుషులను ఎక్కించుకొని వెళ్తూ, వానకు నానిన చెలక బాటలో దిగబడ్డాం. బావ ధీమాగా ఫోర్ వీల్ గేరు వేశాడు. ముందు చక్రాలు కదిలితే ఒట్టు.

“ఏంది బామ్మర్దీ, గిది ఫోర్ వీల్ గాదా?”

“ఫోర్ వీలే బావా. సగం ఇంట్ల బొట్టు పెట్టుకొని కూసున్నది.”

చివరికి ట్రాక్టర్ వచ్చి లాగింది.

ఇంటికి రాగానే రాడ్లు బొట్లతో సహా మళ్లీ లోపలికి వెళ్లాయి. కరకర కూడా తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ చప్పుడేందని ఎవరైనా అడిగితే బావ మీసం దువ్వుతాడు.

“గది వినవడితేనే ఫోర్ వీల్ పని జేస్తున్నట్టు.”