బోర్డు మీది 0.4

ఉల్జాన్‌ని చూసినవాళ్లెవరూ ఈ పిల్ల ఒకరికి చెడు చేస్తుందనుకోరు. నేనూ అనుకోలేదు. కరగండ ఊరి పక్కన మా బొగ్గు గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే పని నాది. గ్యాస్ బోర్డు నా గది గోడకే ఉండేది. ఏ సొరంగంలో మీథేన్, అదే నిప్పు తగిలితే పేలే గ్యాస్, ఎంతుందో దాని మీద పడేది. ఆ అంకెల్ని బోర్డుకు పంపే సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాం ఉల్జాన్‌ది.

మొదట్లో అంకెలు వంకరటింకరగా పడేవి. ఒక సొరంగం అంకెను మేస్త్రీలు పక్కదానిదనుకునేవారు. అప్పుడామె వరసలు తీర్చిదిద్దే కొత్త లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, ఒకటి తెచ్చింది. ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి, ఎంత వెడల్పు, చుక్క తర్వాత ఎన్ని అంకెలు అని రాస్తే చాలట, మిగతాది అదే చూసుకుంటుందట.

“తప్పు రాస్తే కంపైలే అవదక్కా, ప్రోగ్రాం తయారే కాదు. దానికి నాకన్నా బుద్ధెక్కువ.”

“అయితే జీతం దానికే ఇమ్మందాం,” అన్నాను.

ఆ లైబ్రరీకి దాపరికం లేదు. సెన్సర్ పాడైతే అంకె ఉండాల్సిన చోట ‘ఎన్ఏఎన్’ అని మూడక్షరాలు వేసేది. అంటే ఇది అంకె కాదని. మా పెద్దాఫీసర్ వాదిమ్ అర్కాదియెవిచ్‌కి అది గిట్టలేదు. నా గదిలోనే నిలబడి ఉల్జాన్‌ని పట్టుకున్నాడు.

“రేపు తనిఖీవాళ్లొస్తున్నారు. ఆ అక్షరాల గోలేంటమ్మా? తీసెయ్.”

“తీస్తే ఖాళీగా ఉంటుంది సార్.”

“ఖాళీ ఉంటే మాత్రం అడగరా? చివర వచ్చిన అంకే ఉంచు.”

ఉల్జాన్ ప్రోగ్రాంలో ఒక్క వరస రాసింది. చక్కగా కంపైలైంది. తనిఖీవాళ్లు వెళ్లిపోయారు, ఆ వరస మాత్రం ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆరింటికి మూడో సొరంగం సెన్సర్ పాడైంది. ఎనిమిదింటికి కెంజెబెక్ మేస్త్రీ వచ్చి, రోజూలాగే బోర్డు చూసి పుస్తకంలో ఎక్కించుకున్నాడు. భయం లేని అంకె: 0.4. ఆరుగురిని వెంటబెట్టుకుని ఆ సొరంగంలోకే దిగాడు. దీపాలు నా చేత్తోనే ఇచ్చాను. ఏడు దీపాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

విచారణకొచ్చిన కమిషన్ వాళ్లు పై గదిలో సెన్సర్ రికార్డు తీశారు. ఆరు నుంచి అంకే లేదు. మరి మేస్త్రీకి 0.4 ఎక్కడిది? కొలవకుండా కల్పించి రాశాడని తేల్చేశారు. బోర్డు మీద ఉందయ్యా, నా కళ్లతో చూశానంటే, “దీపాలిచ్చేదానివి, నీకేం తెలుసు?” అన్నారు. ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఉల్జాన్ దగ్గరికెళ్లాను.

“చచ్చినోణ్ణి అబద్ధాలకోరంటున్నారే! నోరు పడిపోయిందా నీకు?”

“చెప్తే జైలే అక్కా.”

“పోవే, పో జైలుకి.”

నెలకు పైగా మొహం చాటేసింది. పోయినవాళ్ల పేర పెట్టే నలభయ్యో రోజు భోజనానికి కెంజెబెక్ ఇంట్లో మాంసం వండి అందరం కూర్చున్నాం. ఉల్జాన్ గుమ్మంలోకొచ్చింది. చేతిలో ప్రోగ్రాం అచ్చు తీసిన కాగితం. కెంజెబెక్ భార్య బాతేష్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేలు పెట్టి చూపించి, ఈ వరస నేనే రాశాను వదినా, అన్న బోర్డు మీదున్నదే ఎక్కించుకున్నాడు అని చెప్పింది. తినేవాళ్ల చేతులు ఆగిపోయాయి.

బాతేష్ ఏడవలేదు. “ఏడవాలంటే ఇక్కడ ఏడువు. లేదంటే లే, ఇది కమిషన్‌లో చెబుదువుగాని,” అంది. ఉల్జాన్ లేచింది. ముగ్గురం వెళ్లాం.

కెంజెబెక్ మీద రాసింది కొట్టేశారు. వాదిమ్ అర్కాదియెవిచ్ నోటితో అన్నది ఏ కాగితం మీదా లేదు. ఆయన ఆ మాట నా గదిలోనే అన్నాడన్న నా సాక్ష్యం అప్పుడూ ఎవరికీ ఆనలేదు. ఉల్జాన్‌కు నాలుగేళ్ల జైలు పడింది. ఆయన ఇప్పుడు ఇంకో గనిలో ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు.

తీర్పు రోజు, ఉల్జాన్‌ని తీసుకెళ్తుండగా బాతేష్ అడ్డంగా వెళ్లి నిలబడింది.

“నా మొగుడు అబద్ధమాడలేదని చెప్పిందీ నువ్వే, ఆయన్ని చంపిందీ నువ్వే. నిన్నేమని తిట్టాలో తెలీట్లేదే నాకు.”

 పోలీసు ఉల్జాన్ మోచెయ్యి పట్టి లాక్కెళ్లేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.