వారంటీ పోకూడదు, బండి లాగాలి

చిలకలగూడలో ఉండే స్వర్ణలతకు యాభై దాటాక కారు నడపడం వచ్చింది. వచ్చీ రాగానే అదొక వ్యసనమైంది. బేగంపేటలోని ఆఫీసుకు మెట్రోలో పోయే వీలున్నా పొద్దున్నే కారు తీసేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అటూ ఇటూ ఉన్న బండ్లను ఓరగా చూసేది. పచ్చలైటు పడగానే అందరికంటే ముందు తను కదలాలి. ఆమెకు జీవితంలో అంతకు మించిన కోరికలేవీ లేవు.

భర్త దయాకర్‌కు మాత్రం వారంటీ అంటే భక్తి. ఇంట్లో ఫ్రిజ్ మీద స్టిక్కర్లు ఈనాటికీ పీకలేదు. టీవీ రిమోట్ ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. మిక్సీ పాడైతే అది వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టుకుని దుకాణానికి మోసుకెళ్లిన మనిషి. కొత్త కారుకు పూజ చేయించిన రోజు కొబ్బరికాయను బంపర్‌కు నాలుగడుగుల దూరంలో కొట్టించాడు, పెంకు తగిలితే కంపెనీవాళ్లు ఒప్పుకోరని.

ఒక శనివారం దయాకర్‌ను పక్కన, అత్త వీరరాఘవమ్మను వెనక కూర్చోబెట్టుకుని స్వర్ణలత బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతోంది. ఏసీ నడుస్తోంది, కారు మూలుగుతోంది. ఇంతలో ఉల్లిగడ్డ బస్తాలు నింపుకున్న ట్రాలీ ఆటో ఒకటి హారన్ కొట్టి మరీ వాళ్లను దాటిపోయింది.

"ఏందే లతా, ఉల్లిగడ్డలు మనకన్న ముందుగాల పోతున్నయ్?" అంది వీరరాఘవమ్మ.

ఆ మాట స్వర్ణలత చెవిలో మంగళవారం దాకా మోగింది. బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి కారును బోయిగూడలో మెకానిక్ మౌలా అలీ షెడ్డుకు తీసుకెళ్లింది. సంగతి తెలిసి దయాకర్ కూడా ఎక్కాడు.

మౌలా అలీ బానెట్ ఎత్తి, రోగిని చూసిన డాక్టరులా నిట్టూర్చాడు. "కంపెనీవాళ్లు బండి గొంతు పట్కొని పెట్టిన్రు మేడమ్. ఇంజిన్ కంప్యూటర్ల సెట్టింగ్ మారుస్తా. సైలెన్సర్ వేరేది పెడ్తా. ఇగ సూడుండ్రి, రాకెట్!"

"మరి వారంటీ?" అడిగింది స్వర్ణలత.

"వారంటీ ఎందుకు మేడమ్, నేనున్న గద!"

దయాకర్ మధ్యలోకి దూరి రెండు చేతులతో బానెట్ మూసేశాడు. "నువ్వుంటవ్ భాయ్. ఇంజిన్ ఉంటదా?"

ఇంటికొచ్చే దారంతా గొడవే.

"మీకు నాకన్న వారంటీనే ఎక్కువైంది," అంది స్వర్ణలత.

"నీకు వారంటీ లేదు లతా. అందుకే ఇంకా జాగ్రత్తగ చూస్కుంటున్న."

చివరికి ఒక రాజీ కుదిరింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లి అడగాలి. ఏది మారిస్తే వారంటీ పోదో వాళ్లే చెప్పాలి. ఏదీ కుదరదంటారని దయాకర్‌కు గట్టి నమ్మకం.

అక్కడ ఆలిస్ అనే అమ్మాయి వాళ్ల మాట శ్రద్ధగా విని, "ఎవరు నడుపుతరు మేడమ్, మీ అబ్బాయా?" అని అడిగింది.

"నేనే."

ఆలిస్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇంజిన్ కంప్యూటర్ జోలికి పోవద్దంది. సైలెన్సర్ మార్చొద్దు, వైర్లు కోయొద్దు అంది. దయాకర్ విజయగర్వంతో తల ఊపుతున్నాడు. అప్పుడామె, "కంపెనీ చెప్పిన సైజులనే మంచి పట్టున్న టైర్లు ఏసుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ మా దగ్గరనే కొత్తవి మారుస్తం. స్టెప్నీ సుత చూడాలె, డిక్కీ ఖాళీ చేయండి," అంది.

దయాకర్ తల ఊపడం ఆపేశాడు.

డిక్కీలోంచి ముందుగా బియ్యం బస్తా దిగింది. నీళ్ల క్యాన్లు, తాళ్లు, ఇటుకలు, జాకీ, ఆ జాకీ పనిచేయకపోతే ఇంకో జాకీ వరసగా దిగాయి. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ వస్తుందని దాచిన పాత బ్యాటరీ దిగింది. అన్నిటికంటే అడుగున వీరరాఘవమ్మ జాతరలో కొన్న రాతిరోలు ఉంది. తెచ్చిన రోజు అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పనిచేయలేదు. ఇద్దరు మెకానిక్‌లు దాన్ని పట్టుకుని "అమ్మో" అంటూ కింద పెట్టారు.

"ఎప్పుడన్న అవసరమైతదని..." అన్నాడు దయాకర్.

"రోలు సుతనా సార్?" అంది ఆలిస్, నవ్వు బిగబట్టుకుని. "ఈ సామానంత కలిపి ఇద్దరు మనుషుల బరువుంటది. ఇవన్ని దింపేస్తే వారంటీకి ఏం కాదు."

టైర్లు, ప్యాడ్లు, ఫిల్టర్ మార్చి కారు ఇచ్చేసరికి సాయంత్రమైంది. సామానంతా ఇంటికి పంపడానికి ట్రాలీ ఆటో మాట్లాడారు. దారిలో ఎత్తు రాగానే స్వర్ణలత యాక్సిలరేటర్ తొక్కింది. కారు కట్టు తెంచుకున్న లేగదూడలా ఉరికింది. తమ సామాను ఆటోనే రెప్పపాటులో దాటేసింది.

"మెల్లగ పో! మన రోలు ఎన్కనే ఉండిపోయింది!" అని దయాకర్ సీటు బెల్టు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. స్వర్ణలతకు నవ్వాగలేదు. చాలా ఏళ్ల తర్వాత గొంతెత్తి నవ్వింది.

తర్వాతి ఆదివారం అత్తాకోడళ్లిద్దరే శామీర్‌పేట వైపు చుట్టాలింటికి వెళ్లారు. రోడ్డు ఖాళీగా ఉంది. "ఇంక జెర పోనియ్," అని వీరరాఘవమ్మ వెనకనుంచి భుజం తడుతూనే ఉంది. స్వర్ణలత పోనిచ్చింది.

కారు దయాకర్ పేరు మీద ఉంది కాబట్టి చలాన్ ఆయన ఫోనుకే వచ్చింది, ఫొటోతో సహా.

"ఏందిది లతా? ఇది కారా, ఏరోప్లేనా? ముసలామెను ఎక్కించుకొని ఇంత స్పీడా?"

స్వర్ణలత ఫోను అందుకుని చూసింది. స్పీడు అంకె చూశాక ఆమెకే భయమేసింది. పికప్ ఉండడం వేరు, ఒళ్లు మరిచి తొక్కడం వేరు.

"దాన్ననకురా, పోనియ్‌మన్నది నేనే," అంది వీరరాఘవమ్మ. ఆమె ముఖంలో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు.

సాయంత్రం టీ ఇద్దామని స్వర్ణలత బాల్కనీ వైపు వెళ్లి, తలుపు దగ్గరే ఆగిపోయింది. దయాకర్ ఆఫీసు మిత్రుడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"మన బండే భాయ్! ఒట్టు! ఇంజిన్ ముట్టలే, వారంటీ సుత పక్కా ఉన్నది. చలాన్ పంపిస్తున్న, స్పీడు నువ్వే చూడు!"

ఆమె చప్పుడు చేయకుండా టీతో సహా వంటింట్లోకి తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కిందికి దిగేసరికి డ్రైవింగ్ సీట్లో దయాకర్ కూర్చుని ఉన్నాడు. "ఇయ్యాల నేను నడుపుతా. లిమిట్లనే," అన్నాడు, అడగకుండానే. మొదటి సిగ్నల్ దగ్గర ఆగాక గొంతు తగ్గించి, "అందరికన్న ముందుగాల ఎట్ల తీస్తవ్ నువ్వు?" అని అడిగాడు.

"క్లచ్ మెల్లగ వదలండి, తొందరొద్దు," అంది స్వర్ణలత.

పచ్చలైటు పడింది. ఆయన ఒక్కసారిగా వదిలేశాడు. కారు ఎగిరిపడి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. స్వర్ణలత వెనక్కి చూడలేదు.

"కానీండి, మళ్ల స్టార్ట్ చేయండి," అంది.