ఆళ్లగడ్డ గోడకు పూసిన సిమెంటు

1957 జూన్‌లో నన్ను నంద్యాల సబ్‌డివిజన్ కింద ఆళ్లగడ్డ సెక్షన్‌కు సూపర్‌వైజరుగా వేశారు. సూపర్‌వైజరంటే పని దగ్గర ఎండలో నిలబడేవాడు. నా పైన నంద్యాలలో ఫ్యాను కింద కూర్చునే అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏ.ఇ. గారు. వాగు పక్కన పోయే రోడ్డు కట్ట జారిపోకుండా ఊరి వైపున రాతి గోడ కట్టించడం నాకు అప్పగించిన పని.

అక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. కట్టలో చేరిన నీరు బయటికి పోవడానికి గోడ పొడుగునా రంధ్రాలు వదులుతాం, వాటిని వీప్‌హోల్స్ అంటారు. అవి మూసుకుపోతే నీరు వెనకే నిలిచి గోడను ముందుకు తోస్తుంది. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు.

గోడ కిందనే సుబ్బమ్మ అనే రైతు ఇల్లాలి ఇల్లు. రంధ్రాల నీళ్ళు ఆమె వాకిట్లో పడతాయని, గోడ వెంట చిన్న కాలువ కావాలని ముందే అడిగాను. ఏ.ఇ. గారు అనవసరమని కొట్టేశారు. తొలివానకే ఆమె వాకిలంతా బురద. ఆమె రంధ్రాల్లో పాతగుడ్డలు కుక్కింది. ఆమెనేమనను?

అంతలో పై అధికారి తనిఖీ వచ్చింది. మా శాఖలో తనిఖీ అంటే సున్నం. మైలురాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు సున్నం, చివరికి గోడకూ సున్నం! తెల్లటి గోడ మీద బురద చారలు అసహ్యంగా ఉన్నాయని ఏ.ఇ. గారు రంధ్రాలన్నిటికీ సిమెంటు పూయించారు. వద్దు మొర్రో అని మొత్తుకున్నాను. ఆ ఇంటామె కూడా అదే అడుగుతోంది కదయ్యా అన్నారు. సుబ్బమ్మ గోడు ఆయనకు ఆ ఒక్కరోజే వినబడింది.

తనిఖీ ముగిసింది, మెచ్చుకోళ్ళు అందాయి. తర్వాత ముసురు పట్టింది. గోడ నడుమ పొట్టలా ఉబ్బింది. నంద్యాలకు మనిషిని పంపితే, తాను వచ్చి చూసేదాకా ఎవరూ చెయ్యి వేయొద్దని జవాబు. వచ్చి ఏం చూస్తాడండీ, శవాలనా! మేస్త్రీని పిలిచి, ఉబ్బిన చోట ముందే కదిపితే కూలుతుందని గోడ చివర్ల నుంచి మొదలుపెట్టి గడ్డపారలతో సిమెంటు పొడిపించాను. నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాయి. ఇల్లు ఖాళీ చెయ్యమంటే సుబ్బమ్మ నామీదికే లేచింది.

"ఏంది సారూ, మూసిన బొక్కలు మళ్ళా పొడిపిస్తాండావ్? నా ఎనుమును యాడ కట్టేయల్ల?"

గోడ పడితే నీ గేదే ఉండదు, నువ్వూ ఉండవన్నాను.

"పడేది తర్వాత సంగతి. ముందు నా ఇంట్లోకి నీళ్ళు ఆపు!"

గోడ నిలిచింది. ఆమె ఇల్లు నిలిచింది. నాకు అదే ముప్పయింది. ఎండ కాశాక ఏ.ఇ. గారు తీరిగ్గా వచ్చి, "ఏదయ్యా, పడలేదుగా!" అన్నారు. సర్కారు గోడ పాడుచేశానని సంజాయిషీ అడిగి, నన్ను నందికొట్కూరుకు బదిలీ చేయించారు. ఆ "పడలేదుగా" తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత నేను ఏ గోడ కట్టించినా, ముందు నీళ్ళు పోయే కాలువ తవ్వించాకే పునాది తీయించాను. కాలువ అనవసరమన్న ప్రతి అధికారినీ, అయితే ఆ గోడ కింది ఇంట్లో ఒక వానాకాలం కాపురముండండి అని మొహానే అడిగాను. ఒక్కడూ ఒప్పుకోలేదు. కాలువ మాత్రం ప్రతిసారీ మంజూరైంది.