అత్తమ్మ వేసిన జడ

మొన్న గుండె పరీక్షకు పోతే, తీగలు అంటించడానికి నర్సు పిల్ల నా జడను పట్టుకొని భుజం మీదికెల్లి పక్కకు జరిపింది. "ఆజీ, కదలకు" అన్నది మరాఠీల. అవ్, అప్పుడే అవ్వనైపోయిన! కదలలే గని కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నొప్పి లేస్తుందేమో అని ఆ పిల్ల పరేషాన్ అయ్యింది. ఏమని చెప్పాలె? నా జడ మీద ఇంకొకరి చెయ్యి పడక పదేండ్లు దాటింది బిడ్డా అంటే నవ్వదా? ఆఖరుసారి పడ్డ చెయ్యి మా అత్తమ్మది. అది కూడా ఈ చంద్రపూర్‌లనే, ఇసొంటి గుండె వార్డులనే.

మా అత్తమ్మ అంటే బజారంతా భయమే. మా కిరాణా దుకాణంల ఆమె గల్లా మీద కూసుంటే, బెల్లం ముక్క గిల్లి నోట్లె వేసుకోవడానికి పెద్ద పెద్ద మొగోళ్ళే జంకేటోళ్ళు. నాతోని మాట్లాడింది తక్కువ, కసిరింది ఎక్కువ. అట్లని అన్యాయం చెప్పొద్దు, కడుపునిండ పెట్టింది, పండుగ పండుగకు చీర కొన్నది. దగ్గరికి మాత్రం ఎన్నడూ తీసుకోలే. తల్లి లేకుంట పెరిగినదాన్ని, పిల్లలు కూడా కాలేదు, ఎవరన్న నెత్తి మీద చెయ్యి పెడితే బాగుండు అనిపించేది. మా పెండ్లి నాడు నా తలల పూలు పెట్టుమని అందరూ అంటే, ఇంకొకామెను పిలిచి తను పక్కకు జరిగింది. అది నాకు శానా ఏండ్లు మనసుల గుచ్చుకున్నది.

అది తెలంగాణ వచ్చిన ఏడు. అటు మనోళ్ళు సంబురాలు చేసుకుంటుంటే, మేం ఇటు మహారాష్ట్రల ఉండి, పక్కింటి పెండ్లిని గోడ మీదికెల్లి చూసినట్టు టీవీల చూస్తున్నం. అప్పుడే అత్తమ్మకు ఆయాసం మొదలైంది, కాళ్ళు ఉబ్బినయి. గుండె నీరసపడి ఊపిరితిత్తుల్ల నీరు చేరిందని దవాఖానల పెట్టుకున్నరు. మరునాటికి ఆమె లెక్కే మారింది. సెలైన్ సీసా వేలాడే కడ్డీని చూసి, "ఏందిరా గట్ల నిలబడ్డవ్, పనికి పో" అని గదమాయించింది. తర్వాత నా చెయ్యి పట్టుకొని, "చెల్లే, ఎప్పుడొచ్చినవే?" అన్నది. అంత మెత్తటి గొంతు ఆమెకు ఉన్నదని నాకు అప్పటిదాక తెల్వది.

గుండె జబ్బుతోని దవాఖానల పడ్డ పెద్దోళ్ళల్ల శానా మందికి గిట్ల మతి తప్పుతదని డాక్టరు చెప్పిండు. కొందరికి మళ్ళ తేటపడ్తదట, కొందరికి పూర్తిగ రాదట. వాదులాడొద్దు, కండ్లద్దాలు పెట్టాలె, కిటికీ తెరిచి ఎలుతురు రానియ్యాలె, నువ్వెవరో, ఇది ఏ ఊరో మెల్లగ చెప్తుండాలె అన్నడు. రోజూ పొద్దుగాల చెప్పేదాన్ని. "అత్తమ్మా, నేను నీ కోడలిని. ఇది చంద్రపూర్ దవాఖాన."

"కోడలేందే పిచ్చిదానా, నాకింకా పెండ్లే కాలే. కూసో, నీ నెత్తి చూడు, ఎట్ల చింపిరిగున్నదో."

మంచం పక్కన నేల మీద కూసునేదాన్ని. ఒక చేతికి సూది, దాని మీద పట్టీ, అయినా వేళ్ళతోని చిక్కులు తీసి జడ వేసేది. పక్క మంచాలోళ్ళు చూసి నవ్వేటోళ్ళు. నేను కూడా నవ్వేదాన్ని. కండ్లు మూసుకుంటే మా అమ్మ ఉంటే గిట్లనే వేసేదేమో అనిపించేది, అప్పుడు నవ్వు ఆగిపోయేది.

ఒకనాడు మా ఆయన టిఫిన్ డబ్బా తెచ్చిన యాల్లకు, వార్డు టీవీల కొత్త రాష్ట్రం ముచ్చట వస్తున్నది. "మళ్ళ రాజ్యాలు మారుస్తుండ్రా?" అని అత్తమ్మ బెదిరింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ పుట్టినూరు లక్కడ్‌కోట్ ఆదిలాబాద్ జిల్లాలనే ఉండేదట. ఆ ఊరిని ఇటు మరాఠీ రాజ్యంల కలుపుతున్న రోజులల్లనే, ఈమెకన్న ముందే చెల్లెకు పెండ్లి చేసి అటు తెలంగాణ దిక్కు ఇచ్చిండ్రట. నా జడ అల్లుకుంటనే అన్నది, "నువ్వు బండెక్కిన దినం నేను నీకు జడ వెయ్యలే. నన్ను ఇడిసి పోతున్నవని అలిగి గాదె ఎనుక దాక్కున్న. నువ్వు పిలిచి పిలిచి పోయినవ్. కోపమొచ్చిందా చెల్లే? గందుకేనా మళ్ళ రాలే?"

నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన నా చెవుల మెల్లగ చెప్పిండు, "చిన్నమ్మ తొలి కాన్పుల అటే పోయింది. అమ్మ ఇంట్ల ఆమె పేరు ఎన్నడూ ఎత్తలే." నువ్వెవరో చెప్పుమన్న డాక్టరు మాట యాదికే ఉన్నది. అయినా ఆ ముఖం చూసి, ఆమె దిక్కు తిరిగిన.

"కోపం లేదక్కా" అన్న.

ఆమె పెద్దగ ఊపిరి ఇడిసింది. రిబ్బను లేదని నర్సు ఇచ్చిన గుడ్డపట్టీతోని జడ కొస ముడేసి, కమ్మగ నిద్రపోయింది.

నీరు తగ్గి, ఆయాసం తగ్గి, ఓ పొద్దున కండ్లు తెరిచి, "దుకాణం ఎవరు తెరిచిండ్రు? నెత్తికి ఆ పీలిక ఏందే, సిగ్గు లేదా?" అన్నది. మా ఆయన వార్డంతా దూద్‌పేడాలు పంచిండు. నాకూ సంతోషమే, దేవుని తోడు. బాత్‌రూంలకు పోయి ఆ పట్టీ ఇప్పుకొని, ముఖం కడుక్కొని వచ్చిన.

ఇంటికొచ్చినంక ఆమెకు ధరలు తికమక అయ్యేటివి, గిరాకుల పేర్లు అందేటివి కావు. వార్డు ముచ్చట ఒక్కటి యాదికి లేదు. ఓ మధ్యాహ్నం ధైర్యం చేసి జుట్టు ఇప్పుకొని ఆమె ముంగట కూసున్న. "అత్తమ్మా, జడ వేస్తవా?" అన్న. ఆమె చెయ్యి లేచింది. నా నెత్తి దాక వచ్చి ఆగింది. మళ్ళ ఒళ్ళె పెట్టుకొని, "నాకు రాదు పిల్లా" అన్నది. కోపం లేదన్న మాట ఆమె మతిల నిలువలే, గాదె ఎనుక దాక్కున్న దినం మాత్రం అట్లనే ఉన్నది. చెల్లెకు కోపం లేదని చెబుదామని నోటి దాక వచ్చింది. చెల్లె పోయి ఎన్నేండ్లైందో తెలిసిన మనిషికి, ఇది చెల్లె మాట అని ఎట్ల చెప్పాలె?

ఇప్పుడు ఆమె లేదు, మా ఆయన లేడు, దుకాణం తాళం తుప్పు పట్టింది. నా జడ నేనే వేసుకుంట. రేపు నా గుండె కూడా నీరసపడి మతి తప్పితే, ఓ కాలమా, నన్ను ఎటెటో తిప్పకు, అత్తమ్మ మంచం పక్కన నేల మీద కూసోబెట్టు.