వానలో దించిన చేపలు

మా గాంగ్‌వన్ సీమలో ఒకపక్క సముద్రం, మిగతాదంతా కొండలే. రేవులో దిగిన మ్యంగ్‌థే చేపలు కనుమ దాటి మా ఊరికొస్తాయి. చలికాలమంతా కర్రల దండేలకు వేలాడుతూ, రాత్రి గడ్డకట్టి పగలు కరిగి, వసంతానికి పసుప్పచ్చగా ఎండుతాయి. మునుపు మా తీరంలోనే పడేవి, ఇప్పుడు రష్యా నుంచి ఓడల్లో రావాలి. చేప పరాయిదైనా గాలి మాదేనని మేం గొప్పలు పోతుంటాం.

థక్ బొక్సిల్ ఈ గాలిలో పుట్టలేదు. జంగ్‌సన్ బొగ్గుగని కార్మికుడి కూతురు. గనులు మూతపడ్డాక మా పక్కింటి కూ అనే ముసలాయనకి కోడలై వచ్చింది. బొగ్గుపిల్లకి చేపలేం తెలుసని ఊరంతా ఆడిపోసుకుంది. ముందు వీళ్ళకేం తెలుసో చెప్పమనండి అని నేను వాదానికి దిగేదాన్ని.

బొక్సిల్ భర్త చనిపోయిన ఏడాది ముసలాయన ఆమెకి తెగేసి చెప్పాడు. "దండేల స్థలం హోటలు వాళ్ళు అడుగుతున్నారు. ఈ ఒక్క చలికాలం నీకిస్తున్నా. సరుకు చెడిందో, అమ్మేస్తా."

ఆమె సరేనని చేతితొడుగులు వేసుకుంది.

నడి చలికాలంలో వాన పట్టింది. వాన నీళ్ళు పడితే చేప కుళ్ళుతుంది. మేమంతా మా చేపల మీద టార్పాలిన్లు కప్పాం. బొక్సిల్ మాత్రం దండేలెక్కి చేపలు దించడం మొదలుపెట్టింది. కట్టిన చేపను వసంతం దాకా దించకూడదని మా ఊరి పట్టింపు. దించితే చలి అలిగి వెళ్ళిపోతుందట.

ముసలాయన గొడుగు విసిరికొట్టి వచ్చాడు. "మతిపోయిందా నీకు? దించిన చేప ఎవడు కొంటాడే?"

"కుళ్ళిన చేప ఎవడు కొంటాడు మావయ్యా?"

"దించి ఎక్కడ పెడతావ్, నా నెత్తినా?"

"పైన క్యాబేజీ చేలల్లో. ఇక్కడ వాన పడితే అక్కడ మంచు పడుతుంది. ఎన్నేళ్ళు కోశాను ఆ క్యాబేజీ, నాకు తెలీదా?" అని నా వైపు తిరిగింది. "అక్కా, నీ ట్రాక్టరు తాళం ఇస్తావా, నువ్వూ చోద్యం చూస్తావా?"

"నీకిస్తే లోయలో పడేస్తావ్. పద, నేనే తోల్తా."

బురదలో చక్రం జారినప్పుడల్లా ఆమె దిగి భుజం పెట్టి నెట్టింది. పై మలుపు దగ్గర వాన కాస్తా మంచయింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఖాళీ చేలల్లో మంచు తవ్వి చేపలు వరసగా పరిచి, మళ్ళీ మంచు కప్పింది. ఎన్నిసార్లు ఎక్కి దిగామో! వేళ్ళు వాచి మడత పడడం లేదు ఆమెకి.

"చాల్లేవే, మిగతావి వదిలెయ్," అన్నాను.

"ఒక్కటి కూడా వదలను."

నాకు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది.

వాన వెలిసి చలి తిరిగొచ్చింది. టార్పాలిన్ల కింద మా చేపలు చెమటపట్టి సగం నల్లబడ్డాయి. ముసలాయన నా ట్రాక్టరెక్కి మాతో పైకొచ్చాడు. మంచు తవ్వి ఒక చేప తీశాడు. వాసన చూశాడు. మోకాలికేసి కొట్టాడు. గట్టి కొయ్యలా ఠక్కుమంది. ఇంకోటి తీశాడు, ఇంకోటి. అన్నీ అంతే. అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. హోటలు వాళ్ళు.

"నన్నడక్కండి. స్థలం మా కోడలిది, ఆవిడతోనే మాట్లాడండి," అని ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు.

బొక్సిల్ రెండు చేతుల నిండా చేపలు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు తీరిక లేదండీ, చేపలు కట్టాలి," అని, మావగారి చేతిలో ఓ చేపల గుత్తి పెట్టింది.